మా ఆయనకి చూడండి

‘స్త్రీలలో గుండె జబ్బులు – నివారణ’ అని బ్యానరు కట్టించి సదస్సు పెడితే, ముందు వరసల కుర్చీలన్నీ మగాళ్ళే ఆక్రమించారు. మా ఊరి సర్పంచిగారు స్త్రీయే, కాని ఆవిడ తరఫున వాళ్ళాయన మాట్లాడారు. పైనుంచి వచ్చిన పోస్టరు మీద మీసాలాయన ఒకడు గుండె పట్టుకుని మూలుగుతున్నాడు. ఆ పోస్టరు కింద నిలబడి, ‘ఆడవాళ్ళకి గుండెపోటు ఇలాగే రావాలని లేదండి’ అని మొదలుపెట్టాల్సి వచ్చింది నాకు. అప్పటికే సగం ఒళ్ళు మండిపోయింది.

నా పేరు గాయత్రి. మాది రాయవరం. రాజోలుకి ఇవతల, కాలవగట్టు మీద ఉన్న ఈ ఊళ్ళో విలేజ్ హెల్త్ క్లినిక్ నాది. ఊరంతా నన్ను సిస్టరుగారంటారు. వెనకాల కోపిష్టి సిస్టరుగారంటారని కూడా నాకు తెలుసు. అననీండి. నాలుగేళ్ళు ఇక్కడ పనిచేస్తే బుద్ధుడికైనా కోపం వస్తుంది.

ఆ రోజు గొంతు పోయేలా చెప్పాను. ఆడవాళ్ళకి నొప్పి గుండెల్లోనే రానక్కర్లేదు, దవడలో రావొచ్చు, వీపులో రావొచ్చు, ఎడమ భుజం బరువెక్కొచ్చు, ఊరికే చెమటలు పట్టి వాంతి వచ్చినట్టుండొచ్చు, ఎప్పుడూ చేసే పనికే ఆయాసం రావొచ్చు, దాన్ని గ్యాసని సోడా తాగి పడుకోకండి అన్నాను. నెలసరి ఆగిపోయాక ముప్పు ఇంకా పెరుగుతుంది, అందుకని ఆడవాళ్ళంతా బీపీ చూపించుకోవాలి అన్నాను. అందరూ శ్రద్ధగా తల ఊపారు. తీరా నేను మిషను పెట్టుకుని కూర్చునేసరికి మొదటావిడ వచ్చి, “నాకెందుకండి, మా ఆయనకి చూడండి” అంది. రెండో ఆవిడ ఏకంగా వాళ్ళాయన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇంకొకావిడ ఇంటికెళ్ళి, నిద్రపోతున్న మొగుణ్ణి లేపుకొచ్చింది. స్త్రీల సదస్సులో ఆ రోజు నేను చూసిన బీపీలు దాదాపు అన్నీ మగాళ్ళవే.

ఒక్క నాగదుర్గగారు మాత్రం తనంతట తాను వచ్చి చెయ్యి చాపింది.

ఆవిడకి నలభై ఏడో, నలభై ఎనిమిదో ఉంటాయి. భర్త కుమారస్వామిగారు కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. కూతురికి పెళ్ళి చేసి పంపేశారు. ఇంట్లో ఆవిడా, అత్తగారు చిన్నమ్మలుగారూ ఉంటారు. కొబ్బరికాయల దింపులు, రెండు గేదెలు, పాల కేంద్రం, అన్నీ ఆవిడే చూసుకుంటుంది. బీపీ చూస్తే బాగా ఎక్కువ ఉంది. మళ్ళీ చూశాను, అంతే ఉంది.

“బాగా ఎక్కువగా ఉందండి నాగదుర్గగారూ” అన్నాను.

ఎవరైనా ఎంత ఉందని అడుగుతారు. ఆవిడ అడగలేదు. ముఖం విప్పారింది.

“అయితే మాత్రలు ఇస్తారాండీ?”

“ఇస్తానండి. నెలనెలా వచ్చి తీసుకెళ్ళాలి. ఒక్కరోజు మానకూడదు.”

“ఆయ్. ఎందుకు మానేస్తానండి” అంది నవ్వుతూ.

ఊరు మొత్తం మీద తన ఆరోగ్యం గురించి పట్టించుకునే ఆడమనిషి ఒక్కర్తె దొరికిందని ఆ రోజు నేను పొంగిపోయాను. ఇంటికెళ్ళి మా ఆయనతో కూడా చెప్పాను.

నెల తిరిగేసరికి ఠంచనుగా వచ్చింది. బీపీ చూస్తే వీసమెత్తు తగ్గలేదు. మాత్రలు వేసుకుంటున్నారా అంటే, “ఆయ్, వేసుకుంటున్నానండి” అంది. ఉప్పు మీద అనుమానం వచ్చింది నాకు. ఆవకాయ మానమన్నాను, అప్పడాలు మానమన్నాను, ఎండుచేప ఇంటికే రానీయొద్దన్నాను. నడవమన్నాను. అన్నీ చేసింది మహాతల్లి. చప్పిడి కూరలు తింటోందని చిన్నమ్మలుగారే నాతో చెప్పి వాపోయింది. పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తూ నాకే ఎదురొచ్చేది. అయినా బీపీ దిగదే. పీహెచ్‌సీ డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఇంకో మాత్ర కలిపారు. అదీ పట్టుకెళ్ళింది. అయినా దిగలేదు. పైగా ఆవిడ వెనకాలే ఒక్కొక్కరూ వచ్చి, ఆ వీధిలో నా దగ్గర మందులు తీసుకుంటున్న ఆడవాళ్ళలో చాలామందిదీ ఇదే వరస. మందులు నకిలీవేమో అనుకున్నాను. మిషను పాడైందేమోనని కొత్తది తెప్పించాను. కొత్త మిషను కూడా అదే చెప్పింది.

కార్తీకమాసం వెళ్ళాక ఒక పొద్దున్న ఆవిడ గట్టు మీద కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడి కనిపించింది. చలిలో ముఖమంతా చెమట.

“ఏంటండి, ఏమైంది?”

“ఏం లేదండి. ఈ మధ్య గట్టెక్కుతుంటే ఈ భుజం లాగుతోందండి. దవడ కూడా పీకుతోంది. పన్ను పాడైనట్టుంది.”

“పన్నూ కాదు, ఏమీ కాదండి. సదస్సులో నేను చెప్పింది ఇదే. అమలాపురం వెళ్దాం, గుండె డాక్టరుగారికి చూపిద్దాం, ఇవాళే” అన్నాను.

“ఆయ్, వెళ్దామండి. ఈ దింపు అయిపోనివ్వండి” అంది. దింపు అయ్యాక, గేదె ఈనాలంది. గేదె ఈనాక, ఆడపడుచు వస్తోందంది. ఆడపడుచు వచ్చి వెళ్ళాక, అత్తగారికి మోకాళ్ళ నొప్పులంది. చివరికి నాకు తిక్క రేగి, ఒక శుక్రవారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని, దాన్ని వాళ్ళ గుమ్మం ముందు ఆపించి లోపలికి వెళ్ళాను. చేతులు కాళ్ళు కట్టయినా తీసుకెళ్ళాలన్నంత పట్టుదలతో వెళ్ళాను.

అరుగు మీద పెళ్ళి సందడిలా ఉంది. పక్క వీధి కృపారావుగారు సెలవు అయిపోయి మర్నాడు కువైట్ వెళ్ళిపోతున్నారు. మా ఊళ్ళో నెలకి ఒకరైనా కువైట్ వెళ్తుంటారు, వెళ్ళేవాడి పెట్టెలో సొంత బట్టలకంటే ఊరివాళ్ళ పార్సిళ్ళే ఎక్కువుంటాయి. ఇంటికింత బరువని పంచుకుంటారు. వాసానికి కాటా వేలాడదీసి, చిన్నమ్మలుగారు కుర్చీ వేసుకుని తూకం చూస్తోంది. ఆవకాయ, పూతరేకులు, సున్నుండలు, కందిపొడి. నాలుగిళ్ళ ఆడవాళ్ళు పొట్లాలు కడుతున్నారు. నాగదుర్గగారు నన్ను చూసి గబుక్కున కందిపొడి డబ్బాకి మూత పెట్టేసింది.

ఆ కంగారు చూసి నాకేదో అనుమానం తగిలింది. వెళ్ళి మూత తీశాను. పొడి మీద, రబ్బరుబ్యాండ్లు చుట్టిన మాత్రల కట్టలు. ఒక్కో రేకు వెనకాల ‘ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు’ అన్న ముద్ర. నా క్లినిక్ నుంచి వెళ్ళినవే. ఆవిడకి నేను కలిపించిన రెండో మాత్ర కూడా ఉంది. పక్కింటావిడ తన పొట్లం కొంగు కింద దాచుకుంది. వీధి వీధంతా బీపీ ఎందుకు దిగడం లేదో అప్పుడు తెలిసింది నాకు.

“ఏంటండివి?”

అందరూ పొట్లాలు కట్టడంలో మునిగిపోయారు.

“నాగదుర్గగారూ, మిమ్మల్నే. ఏంటండివి?”

“మా ఆయనకండి” అంది మెల్లిగా. “ఆయనకి అక్కడ బీపీ వచ్చిందండి. ఓసారి బండి నడుపుతుంటే కళ్ళు తిరిగేయంట. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే సేటు సెలవివ్వడండి. మందులు కూడా ఖరీదంట. ఒక్కడూ ఉంటాడండి అక్కడ. పడిపోతే మంచినీళ్ళిచ్చేవాళ్ళు లేరు.”

“మరి మీకు ఇచ్చినవి మీరు వేసుకోరా?”

“నాకేం అయిందండి, ఇంటిపట్టునే ఉంటాను కదా.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “మరి ఆ రోజు వచ్చి చెయ్యి చాపేరు కదండీ? ఊళ్ళో ఎవరూ రాకపోయినా మీరొచ్చేరు కదా?”

“మగాళ్ళు ఊళ్ళో లేకపోతే వాళ్ళ పేరు మీద మందులివ్వరంట కదండీ. నా పేరు మీదైనా రాస్తారేమోనని వచ్చేను. బీపీ ఉండాలని వెంకన్నబాబుకి మొక్కుకుని మరీ వచ్చేనండి. ఉందన్నారు, గండం గట్టెక్కింది అనుకున్నాను.”

నాలుగు నెలలపాటు నేను ఆవకాయ మీద చేసిన యుద్ధం గుర్తొచ్చింది. ఈవిడ ఉప్పు మానింది, కారం మానింది, కాళ్ళు నొప్పులు పుట్టేలా నడిచింది. వేసుకోవాల్సిన మాత్ర ఒక్కటి తప్ప, నేను చెప్పినవన్నీ చేసింది. అండీ అంటూనే తిట్టడం మా జిల్లావాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఆ రోజు ఆ విద్యంతా చూపించాను. “మీకు బుద్ధుందాండీ” అన్నాను. “మనుషులాండీ మీరు” అన్నాను. పొట్లాలు కట్టేవాళ్ళందరినీ కలిపి తిట్టాను. ఆటో డ్రైవరు దిగి వచ్చి వింతగా చూస్తూ నిలబడ్డాడు.

చిన్నమ్మలుగారు కాటా పక్కకి నెట్టి, “అంత మాటలెందుకండి సిస్టరుగారూ? వాడు బాగుంటేనే కదండీ ఇల్లు బాగుండేది” అంది.

“మీ కోడలు పడిపోతే మీకు అన్నం ఎవరు పెడతారండి? గేదెల పాలెవరు పితుకుతారు? కువైట్ నుంచి మీ అబ్బాయి వచ్చి పితుకుతాడా?”

ఆవిడ కాటాని మళ్ళీ ముందుకి లాక్కుంది.

“కుమారస్వామిగారికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే” అన్నాను నాగదుర్గగారితో.

చెయ్యనంది. కృపారావుగారే చేశారు. పాపం ఆయనకీ సంగతి తెలియదట, కందిపొడి అనుకునే తీసుకెళ్ళబోతున్నారు. వీడియోలో కుమారస్వామిగారు కారులోనే కూర్చుని ఉన్నారు. విషయం చెప్పాను. ఆయన ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు.

“గల్ఫులో ఉన్నోళ్ళకి గవర్నమెంటోళ్ళే ఇస్తున్నారని చెప్పిందండి” అన్నారు. తరవాత గొంతు మారింది. “దుర్గా, నీకు బీపీయా?”

“కొంచెమేనండి” అంది ఆవిడ, ఫోన్ వైపు చూడకుండా.

“ఎప్పట్నుంచి?”

ఆవిడ మళ్ళీ పొట్లం కట్టడానికి వంగింది. నేను చెప్పాను. భుజం నొప్పి, దవడ నొప్పి, గట్టు మీద చెమటలు, అన్నీ చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

“నాకు పంపకు. నీ మాత్రలు నువ్వు వేసుకో. నేనిక్కడ కొనుక్కుంటాను. ఇవాళే సిస్టరుగారితో ఆసుపత్రికి వెళ్ళు” అన్నారు.

“ఆయ్” అంది.

ఫోన్ పెట్టేశాక మాత్రల కట్టలు డబ్బాలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఒకటి నా ఎదురుగానే మింగించాను. పదండి ఆటో ఎక్కుదాం అంటే, “ఇంటి నిండా జనం ఉన్నారు కదండీ, కృపారావు వెళ్ళిపోయాక సోమవారం తప్పకుండా వస్తానండి, ఆయన మీద ఒట్టు” అంది. అంతమందిలో ఆవిణ్ణి ఈడ్చుకెళ్ళలేను. ఈడ్చుకెళ్ళాల్సింది. ఆటో ఖాళీగా తిరిగి వెళ్ళింది.

సోమవారం దాకా రాలేదు కథ. ఆదివారం మధ్యాహ్నం నేను అన్నానికి కూర్చుంటుంటే, చిన్నమ్మలుగారు మోకాళ్ళ నొప్పులతో, చెప్పులైనా లేకుండా గట్టు మీద పరిగెత్తుకొచ్చింది.

“సిస్టరుగారూ, ఎన్ని సోడాలు తాగినా గ్యాసు తగ్గట్లేదండి!”

పొద్దున్న పాలు పితుకుతుండగా మొదలైందట. దవడ, భుజం, వీపు. రెండు వాంతులు. వాము నీళ్ళు ఇచ్చారు, వీపు మీద నూనె రాశారు, సోడా తాగించారు. నేను వెళ్ళేసరికి నాగదుర్గగారు నేల మీద పడుకుని ఉంది. చీర చెమటతో తడిసి ముద్దయింది. ముఖం పాలిపోయి గోడ సున్నంలా ఉంది. ఆస్పిరిన్ నమిలించాను. నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. బండి వచ్చే వరకు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

“పొద్దున్నే ఎందుకు పిలవలేదండి నన్ను?”

“మీరు మళ్ళీ తిడతారనండి” అంది.

“తిట్టడానికైనా మనిషి ఉండాలి కదండీ” అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది, ఆవిడ ముందు ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను.

అమలాపురంలో ఈసీజీ తీసి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చి, వెంటనే కాకినాడ పంపించారు. అక్కడ స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది. బయటికొచ్చిన డాక్టరుగారు, “ఆలస్యం అయిందమ్మా, గుండె కండలో కొంత పోయింది. అది మళ్ళీ రాదు. ఇకమీద బరువులు ఎత్తకూడదు, గట్టిగా నడవకూడదు, మందులు జీవితాంతం” అన్నారు. చిన్నమ్మలుగారు గోడకి చేరబడి, “గ్యాసు కాదాండీ?” అని అడిగింది. ఆవిడ మీద కూడా కోప్పడదామనుకున్నాను. కోపం రాలేదు. ఆవిడకి ఎవరు చెప్పారు గనక? నేను సదస్సు పెట్టిన రోజు ఆవిడ వెనక వరసలో కూర్చుని, ముందున్న మగాళ్ళ వీపులు చూసుకుని వెళ్ళిపోయింది.

కుమారస్వామిగారు సేటు కాళ్ళు పట్టుకుని సెలవు తెచ్చుకుని వచ్చారు. అప్పటికి ఆవిణ్ణి వార్డులోకి మార్చారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతికిచ్చారు.

మాత్రల కట్టలు. రబ్బరుబ్యాండ్లు కూడా ఊడలేదు.

“కందిపొడి డబ్బా అడుగున ఉన్నాయండి” అన్నారు. “మీరు వెళ్ళిపోయాక మళ్ళీ పెట్టేసింది. కృపారావు తెచ్చి ఇచ్చేడు. నేను వేసుకోలేదండి, మీతో చెప్పిన రోజే అక్కడ కొనుక్కున్నాను. పెద్ద ఖరీదు కూడా కాదండి అవి. నేనెప్పుడూ అడగలేదు, అంతే. పారేయడానికి చేతులు రాక వెనక్కి తెచ్చేను.”

అంటే అవి సముద్రం దాటి వెళ్ళి, మళ్ళీ సముద్రం దాటి వచ్చాయి. అవి అక్కడ సంచీలో ఉన్నప్పుడే ఇక్కడ ఆవిడ గుండె ఆగబోయింది. నాకు ఆ కవరు తీసి ఎవరి నెత్తినైనా కొట్టాలనిపించింది. ఎవరి నెత్తిన కొట్టాలో మాత్రం తెలియలేదు.

నాగదుర్గగారు తల తిప్పి మా వైపు చూసింది. బాగా చిక్కిపోయింది. గొంతు పీలగా ఉంది.

“సిస్టరుగారూ, మిషను తెచ్చేరాండీ?”

“తెచ్చేను.”

“మా ఆయనకి చూడండి.”

వార్డులో ఉన్నామన్న ఇంగితం లేకపోతే అరిచేసేదాన్ని. కుమారస్వామిగారు వద్దు వద్దంటున్నా చెయ్యి లాక్కుని కోపంతోనే పట్టీ చుట్టాను. చూస్తే చక్కగా ఉంది. అంత కుదురుగా ఉన్న బీపీ నా నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆ ఊరి ఆడవాళ్ళలో ఒక్కరికీ చూడలేదు. ఆవిడ మాత్రలు నెలల తరబడి బాగా పనిచేశాయి మరి.

“ఎంతుందండి ఆయనకి?”

“బాగుంది.”

“అమ్మయ్య” అని కళ్ళు మూసుకుంది. తను అనుకున్నది సాధించినట్టు ఆ ముఖంలో సంతోషం కనిపించింది. అది చూశాక నేను ఉండబట్టలేకపోయాను. పట్టీ ఊడదీసి ఆవిడ చేతికి చుట్టాను. గాలి కొట్టాను. అంకె చూసుకుని, మిషను నా వైపు తిప్పి పెట్టుకున్నాను.

“అడగండి” అన్నాను.

“ఏంటండి?”

“మీకెంత ఉందో అడగండి. ఇన్ని నెలలు చూసేను మీకు. ఒక్కసారి అడగలేదు మీరు. అడిగే వరకు ఇక్కణ్ణించి కదలను.”

“మీరు చూసేరు కదండీ, చాలదాండీ.”

“చాలదు.”

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన తల దించుకుని ఉన్నారు. కాళ్ళ దగ్గర కూర్చున్న అత్తగారి వైపు చూసింది. చిన్నమ్మలుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అడగవే” అంది. పరాయి ఇంట్లో మారు వడ్డించమని అడుగుతున్నంత సిగ్గుపడిపోయింది నాగదుర్గగారు. పెదాలు తడుపుకుంది. చివరికి అడిగింది.

“నాకెంత ఉందండి?”

ఆ ఒక్క మాట ఆవిడ చేత అనిపించడానికి ఆవిడ గుండెలో కొంత చచ్చిపోవాల్సి వచ్చింది. నేను అంకె చెప్పాను.

“ఎక్కువేనాండీ?” అంది.

“ఎక్కువేనండి” అన్నాను. కుమారస్వామిగారు లేచి, పొద్దుటి మాత్ర రేకులోంచి తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ దాన్ని మింగి నోరు తెరిచి చూపించేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.